పళ్ళు నానేంతసేపు

గేటుకు గొళ్ళెం పెట్టాక మఖ్‌ఫిరత్ కొంచెంసేపు అక్కడే నిలబడింది. చెక్కకు చెవి ఆనించి, భర్త హోషిమ్ అడుగుల చప్పుడు సందు చివరి దాకా పోయి, కాలువ మీది పలకల వంతెనను బోలుగా మోగించి, మసీదు వైపు మళ్ళిపోయేదాకా వింది. శుక్రవారం. జుమా నమాజుకు వెళ్ళిన మనిషి గంటకు గానీ రాడు. ఈ వీధిలో పగలు ఎవరూ గొళ్ళెం పెట్టుకోరని ఆమెకు తెలుసు, అయినా పెట్టింది. అరవై మూడేళ్ళ వయసులో పదకొండు రోజుల కొత్త పెళ్ళికూతురు. ఈ పదకొండు రోజుల్లోనూ తనదంటూ దొరికిన మొదటి గంట ఇది. పోయిన శుక్రవారం ఇంటినిండా పెళ్ళి చుట్టాలే. దీన్ని దేనికి వాడుకోవాలో పొద్దున రొట్టెలు కాలుస్తున్నప్పుడే అనుకుంది, నిన్న అనుకుంది, మొన్న రాత్రంతా కళ్ళు తెరుచుకుని పడుకుని అనుకుంది. వరండాలో చాప మీద పెద్ద బేసిన్ పెట్టి సగానికి నీళ్ళు పోసింది. పక్కన గిన్నె, మెత్తటి బ్రష్షు, చేతులు కడుక్కునే సబ్బు పెట్టుకుంది. బేసిన్ మీదికి వంగి ముందు కట్టుడు పళ్ళ కింది వరస తీసింది. తర్వాత బొటనవేలిని పై వరస అంచు కిందికి పోనిచ్చి మెల్లగా నొక్కింది. బురదలో దిగబడిన కాలు పైకి వచ్చినప్పటి చప్పుడు లాంటిది ఒకటి వచ్చింది. ఆ వెంటనే నోట్లోకి గాలి వచ్చింది.

చల్లటి గాలి. నాలుక ఒక్క క్షణం ఏమీ తోచనట్టు ఆగి, తర్వాత అటూ ఇటూ కదిలింది, సామాన్లన్నీ బయట పెట్టేసిన గదిలో తిరిగినట్టు. ఇక్కడ గట్టిగా ఉంది, ఇక్కడ మెత్తగా, ఇక్కడ ముట్టుకుంటే నొప్పి. ఎంత నొప్పో చూద్దామని మళ్ళీ ముట్టుకుంది. నొప్పిని చూసి భయపడాల్సింది పోయి ఇదేమిటా అని వెతుక్కుంటూ పోవడం తనకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బే. ఏడేళ్ళప్పుడు కదులుతున్న పాలపన్నును రోజంతా నాలుకతో తోస్తూ ఉండేది, తియ్యగా ఉండేది ఆ నొప్పి. గోడకున్న అద్దం దగ్గరికి వెళ్ళి, వెలుతురు లోపలికి పడేలా తల వెనక్కి వంచి నోరు తెరిచింది. అంగిలి మీద ఎర్రటి మచ్చ, సెట్టు అంచు ఎక్కడిదాకా ఉందో సరిగ్గా అక్కడిదాకా, ఎవరో గీత గీసి రంగు నింపినట్టు. ఒక మూల తెల్లగా పాలమీగడ లాంటి పొర. పదకొండు రాత్రులు తీయకుండా పడుకున్నందుకు ఇది. ఖుజంద్‌లో తనకు పళ్ళు కట్టిన డాక్టరమ్మ ముఅత్తర్ చూసిందంటే ఏమంటుందో వినిపించింది కూడా. "ఖోలా, మీరు రాత్రిళ్ళు చెప్పులేసుకుని పడుకుంటారా? మరి చిగుళ్ళకు మాత్రం ఎందుకీ శిక్ష? వాటికీ నిద్ర కావాలమ్మా." తన కూతురి వయసుండే పిల్ల. ఖోలా, అంటే పిన్నీ, అని పిలుస్తూనే కర్ర పట్టుకున్న పంతులమ్మలా మాట్లాడేది. వేడినీళ్ళు తగిలితే వంకరపోతాయి. ఎండిపోతే బీటలిస్తాయి. టూత్‌పేస్టు పెట్టి తోమితే గీతలు పడి ఆ గీతల్లో మురికి చేరుతుంది. కింద నీళ్ళ బేసిన్ లేకుండా కడగొద్దు, జారి సిమెంటు మీద పడితే రెండు ముక్కలే. చిగుళ్ళు కూడా రోజూ తోమాలి, పళ్ళు లేవు కదా అని ఊరుకోవద్దు. అన్నీ విని తలూపింది, రెండేళ్ళు అన్నీ పాటించింది, ఒక్కటీ తప్పలేదు. పెళ్ళయిన రాత్రి మొదటిసారి తప్పింది.

పై వరసను అరచేతిలో పెట్టుకుని సబ్బు నురగతో లోపలి వైపు తోముతూ ఉంటే, గులాబీరంగు అంగిలి మీద తన అంగిలికే ఉన్న సన్నటి ముడతలు బ్రష్షు కింద తగిలాయి. ఇది తన నోరే, తిరగేసిన నోరు. మనిషి తన నోటిని చేతిలో పట్టుకుని చూడగలగడం ఎంత విచిత్రం, కళ్ళను అలా తీసి చూసుకోలేం, చెవుల్నీ చూసుకోలేం. వెనక పన్ను సందులో ఖుబానీ పప్పు ముక్క ఒకటి ఇరుక్కుని ఉంది. సూదిలాంటి ఆ ముక్క మూడు రోజులుగా చెప్పులో పడ్డ రాయిలా గుచ్చుతూనే ఉంది. ఖుబానీలతో తనకు ఈ జన్మలో తీరని తగువేదో ఉన్నట్టుంది. ముప్పై ఏళ్ళు ఇస్ఫరా ఫ్యాక్టరీలో కూర్చుని ఎండు ఖుబానీలు ఏరింది, మెత్తవి ఇటు, గట్టివి అటు, పురుగు పట్టినవి కిందికి, ఏరుతూ ఏరుతూ ఒకటి నోట్లో వేసుకుంటూ. ఆ తీపి నోట్లో పళ్ళను తినేసింది, తీపి మిగల్చిన వాటిని కాన్పులు తినేశాయి, ఒక్కొక్క బిడ్డకు ఒకటో రెండో. మొదటి భర్త ఇస్రోయిల్ అవన్నీ పోవడం చూశాడు. ఏమీ అనేవాడు కాదు, మాంసం ముక్కలు ముందుకన్నా చిన్నగా కోయడం మొదలుపెట్టాడంతే. ఆయన పోయిన నాలుగేళ్ళకు ఈ సెట్టు కట్టించుకుంది. అంటే ఆయనకు తెలిసిన మఖ్‌ఫిరత్ బోసినోటి మనిషి, హోషిమ్‌కు తెలిసిన మఖ్‌ఫిరత్ ముత్యాల పళ్ళ మనిషి. ఇద్దరూ ఎక్కడో ఒక టీ దుకాణంలో కలిసి తమ తమ భార్యల గురించి చెప్పుకుంటే, ఆ భార్యలిద్దరూ ఒకర్తేనని వాళ్ళకు ఎప్పటికీ తెలియదు. ఈ ఆలోచనకు నవ్వొచ్చింది. పెదాలు లోపలికి ముడుచుకుపోయి నవ్వు గాలిగా బయటపడింది.

సెట్టు పెట్టుకున్న కొత్తలో ఊరి పేరు పలకడానికే వచ్చేది కాదు. ఇస్ఫరా. సకారం దగ్గర ఈల వచ్చేది, ఫకారం దగ్గర పై వరస ఊడి కిందికి వచ్చేది. తన పేరులోనూ అదే అక్షరం. ఎవరైనా పేరడిగితే నవ్వి ఊరుకునేది. బిగ్గరగా చదవమంది డాక్టరమ్మ, రోజుకు అరగంట. వినేవాళ్ళు నవ్వుతారని పశువుల కొట్టంలోకి వెళ్ళి, కూతురింటి ఆవుకు పాత వార్తాపత్రిక చదివి వినిపించేది, పత్తి దిగుబడులూ ఎవరెవరికో శుభాకాంక్షలూ. ఆవు శ్రద్ధగా నెమరువేసేది. దాన్ని చూసే తెలిసింది నమలడమంటే ఏమిటో, రెండు వైపులా సమంగా, తొందర లేకుండా. ఒకవైపే నమిలితే సెట్టు రెండో వైపు లేస్తుంది. ఆవుకు ఎవరూ చెప్పకుండా తెలిసిన సంగతి తాను అరవై ఒకటో ఏట నేర్చుకుంది.

మరి హోషిమ్‌కు అవన్నీ ఎందుకు తెలుస్తాయి. అరవై ఎనిమిదేళ్ళకు ఆయనకు దవడపన్ను ఒక్కటి తప్ప అన్నీ ఉన్నాయి. ఇరవై ఏడేళ్ళు కాలువ మీద నీరటి పని చేశాడు, ఎవరి తోటకు ఏ పూట నీళ్ళు వదలాలో ఆయనే చెప్పాలి. ఇప్పుడు పని మానేసినా తెల్లారేసరికి కాలువ గట్టు మీదే కూర్చుని పందుంపుల్ల నములుతూ నీటిమట్టం చూస్తాడు. సాయంత్రం టీ దగ్గర ఉప్పు పట్టించి బూడిదలో వేయించిన ఖుబానీ టెంకలు ముందు పెట్టుకుని, ఒక్కొక్కదాన్ని దవడ మధ్య పెట్టి పటుక్కున కొరికి, పప్పును తీసి ఆమె సాసరులో వేస్తాడు. మాట తక్కువ మనిషి, ఆయన చూపించే ప్రేమ ఇదేనని ఆమెకు రెండో రోజుకే అర్థమైంది. కాదంటే ఎలా? నమిలినంత నమిలేది, కొన్ని మింగేది, ఆయన టీ వంపుకుంటుంటే కొన్ని గౌను జేబులో జారవిడిచేది. ఆ పటుక్కుమనే చప్పుడు లోపలి నుంచి ఎలా వినిపిస్తుందో? సొంత ఎముకతో అంత గట్టిదాన్ని పగలగొట్టినప్పుడు చెవిలో ఏం మోగుతుంది? తనకూ ఒకప్పుడు తెలిసే ఉండాలి, గుర్తు రావడం లేదు. అడగాలని ఉంది. అడిగితే ఎందుకడుగుతున్నావంటాడు.

పక్కింటి సబోహత్ ఓపా, అంటే సబోహత్ అక్క, వల్ల వచ్చింది ఇదంతా. ఈ సంబంధం కుదిర్చింది ఆవిడే. చూపుల రోజున తన గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి, "చూడు హోషిమ్ అకా, చూడన్నా, ముప్పై రెండూ ముత్యాలే! పద్దెనిమిదేళ్ళ పిల్లకు లేవు ఇలాంటివి" అంది. మఖ్‌ఫిరత్ కాదనలేదు. అవుననీ అనలేదు. నవ్వింది, ఆ ముత్యాలే కనిపించేలా. ఆ నవ్వు ఒక అబద్ధం. నోరు విప్పకుండా కాదు, విప్పి మరీ ఆడిన అబద్ధం. ఆ క్షణాన తనకు కనిపించింది కూతురింటి వంటగది, రాత్రి అందరూ తిన్నాక పరుపు పరుచుకుని పొద్దున ఎవరూ లేవకముందే చుట్టేసుకునే ఆ మూల. ఇక్కడ ఒక గది ఉంది, కిటికీ ఉంది, కిటికీలోంచి చూస్తే ద్రాక్ష పందిరి ఉంది. పళ్ళు దాచి పెళ్ళి చేసుకుందట అని తెలిసి వెనక్కి పంపిస్తే మళ్ళీ ఆ మూలకే పోవాలి. వీధంతా నవ్వితే తానొక్కర్తే పడవచ్చు, అల్లుడి ముందు కూతురు తల వంచుకోవాలి, అది మాత్రం తాను భరించలేదు.

కడిగిన రెండు వరసలనూ గిన్నెలో నీళ్ళలో వేసి, చిగుళ్ళ మీద బ్రష్షును సుతారంగా తిప్పింది. మంట, ఆ మంట వెనకే హాయి. ఉప్పునీళ్ళు పుక్కిలించింది. గిన్నెలో ఆ పళ్ళు తనవైపే చూస్తూ ఎవరి మాటకో పగలబడి నవ్వుతున్నట్టున్నాయి. మసీదు మైకులో ప్రసంగం పొరుగు తోటల మీదుగా అరకొరగా వినిపిస్తోంది. అద్దం చెక్క చట్రం మీద చెయ్యి ఆనిన చోట నునుపు తేలి ఉంది. ఇది హోషిమ్ మొదటి భార్య ముహర్రం అద్దం. ఆమె ఇక్కడే నిలబడి, ఇదే చోట చెయ్యి ఆనించి ఏం చూసుకునేదో? ఆమెకు పళ్ళుండేవా? లోపలి గదిలో ఫొటో ఉంది, పెదాలు బిగించి తీయించుకున్నది, ఆ రోజుల్లో అందరూ అలాగే తీయించుకునేవారు. అంతమంది ఆ బిగించిన పెదాల వెనక ఏం దాచుకున్నారో ఎవరికి తెలుసు.

అప్పుడు గేటు మీద దబదబ చప్పుడు. "ఏమే కెలిన్! కొత్త పెళ్ళికూతురా! గొళ్ళెం ఏమిటే పగటిపూట? సంబూసాలు తెచ్చాను, వేడి చల్లారిపోతోంది." సబోహత్ ఓపా. మఖ్‌ఫిరత్ ఊపిరి బిగబట్టింది. పలకకపోతే పోతుంది. పోలేదు. "నిద్రపోతున్నావా? ఒసేయ్, పలకవే!" వస్తున్నా ఓపా అని చెప్పాలి, చెబితే నోట్లోంచి ఏం వస్తుందో. ముందు తనకే తెలియాలని చాలా మెల్లగా, అద్దంతో అన్నట్టు అంది. సకారం లేకుండా, తడిగా, మెత్తగా వచ్చిన ఆ గొంతు తనది కాదు, అది అమ్మమ్మది. నలభై ఏళ్ళ కిందట పోయిన అమ్మమ్మ, పొయ్యి దగ్గర కూర్చుని రొట్టెను టీలో నానబెట్టుకునే అమ్మమ్మ. వెనక్కి తిరిగి చూసింది, ఎవరూ లేరు. ఇన్నాళ్ళూ ఈ పళ్ళ వెనకే కూర్చుని ఉందా ఈవిడ? ఆ గొంతు మళ్ళీ వినాలనిపించింది. ఇంకోమాట, ఇంకో రెండు మాటలు.

కానీ గేటు అవతల సబోహత్ గొంతు మారిపోయింది. "యా ఖుదా! ముహర్రం పోయిన రోజూ ఇలాగే కదా... ఇలాగే గొళ్ళెం పెట్టుకుని... ఉండవే తల్లీ, ఉండు, హోషిమ్ అకాను పిలుచుకొస్తాను!" చెప్పులు టపటపలాడుతూ వంతెన వైపు పరిగెత్తాయి.

మఖ్‌ఫిరత్ చేతులు గిన్నెలోకి పోయాయి. మసీదు ఎంతో దూరం లేదు. పై వరస తీసింది, తడిచేతిలోంచి జారింది, బేసిన్ నీళ్ళలో బుడుంగున పడింది. పగల్లేదు. మళ్ళీ తీసి నోటిదాకా తెచ్చింది. అంచు ఆ ఎర్రటి మచ్చకు తగలగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెట్టుకోవాలి. పెట్టుకుని, తలనొప్పిగా ఉంటే పడుకున్నానని చెబితే సరిపోతుంది, ఇంకో పదకొండు రోజులు గడుస్తాయి, ఆ తర్వాత ఇంకో పదకొండు. ముహర్రం ఎలా పోయిందో తనకు ఎవరూ చెప్పలేదు. గుండె ఆగి పోయిందన్నారంతే. ఎక్కడ ఆగింది? ఈ వరండాలోనా, ఆ మొక్కల మధ్యనా? ఆయన ఎంతసేపు కొట్టాడు ఈ గేటు? ఎంతసేపటికి గోడ దూకాడు? పళ్ళు చేతిలో పట్టుకుని నిలబడి ఉండగానే వంతెన పలకలు మోగాయి. నడక కాదు, పరుగు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి పరుగు. తర్వాత గేటు అదిరింది.

"మఖ్‌ఫిరత్!"

ఇన్నాళ్ళూ ఇదిగో అనేవాడు, విన్నావా అనేవాడు. పేరు పెట్టి పిలవడం ఇదే మొదలు. ఆ గొంతులో ఉన్నది పిలుపు కాదు, గతంలో ఒకసారి జవాబు రాని పిలుపు. సెట్టును సరిగ్గా కూర్చోబెట్టడానికి ఒక నిమిషం పడుతుంది, కింది వరసకు ఇంకో నిమిషం. ఆ రెండు నిమిషాలూ ఆయన గేటు అవతల నిలబడాలి. అది చేయలేకపోయింది. గిన్నెలో పడేసి, పరిగెత్తుకెళ్ళి గొళ్ళెం తీసింది.

హోషిమ్ ముందు ఆమె భుజాలు పట్టుకున్నాడు, చేతులు తడిమాడు, కాళ్ళ వైపు చూశాడు, నిలబడే ఉన్నాయా లేదా అన్నట్టు. ఆయన టోపీ ఎక్కడో పడిపోయింది. ఆ తర్వాతే ముఖం చూశాడు. ముఖం కింది సగం ముడుచుకుపోయి, గడ్డం ముక్కుకు దగ్గరగా వచ్చి ఉంది. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి.

"ఎవరు కొట్టారు?" అన్నాడు. "నీ పళ్ళేవి? ఎవడొచ్చాడు లోపలికి?"

ఎన్ని జవాబులు ఊహించుకుందో ఈ పదకొండు రాత్రులూ, ఏ జవాబుకూ ముందు ఈ ప్రశ్న లేదు. "నానబెట్టాను" అంది అమ్మమ్మ గొంతుతో.

వెనక నుంచి సబోహత్ రొప్పుతూ, పళ్ళెం ఒరిగిపోకుండా పట్టుకుని వస్తోంది. హోషిమ్ ఆవిడను చూశాడు, మఖ్‌ఫిరత్‌ను చూశాడు, ఆమెకు అడ్డంగా జరిగి గేటును జానెడు మాత్రం తెరిచి ఉంచాడు. "ఏమీ కాలేదు సబోహత్. బాగానే ఉంది."

"బాగుంటే పలకదేం అకా? గొంతు చించుకున్నాను!"

"నోరు ఖాళీ లేదు" అని, పళ్ళెం అందుకుని గేటు మూసేశాడు.

మూశాక వచ్చి వరండా మెట్టు మీద కూలబడ్డాడు. పళ్ళెం పక్కన పెట్టాడు. మైకులో ప్రసంగం అయిపోయి, మసీదులో జనం వరసలు కట్టే సందడి వినిపించింది, అదీ ఆగింది. ఇప్పుడంటాడు, అనుకుంది మఖ్‌ఫిరత్. ఏమంటాడో వినాలనే ఆత్రం భయం కన్నా ఒక వెంట్రుకవాసి ముందే నడుస్తోంది.

"ఇంకెప్పుడూ గొళ్ళెం పెట్టకు" అన్నాడు. "పళ్ళు లేకపోతే మనుషులు చావరు. గొళ్ళెం పెట్టుకుంటే..." ఆపేశాడు. ముఖం తుడుచుకుని, చాప మీదున్న గిన్నె వైపు మెడ చాచాడు. కాలువలోకి ఏదో కొట్టుకొచ్చినప్పుడు చూసే చూపు. "ఇవేనా?"

"అవే."

"అన్నీనా?"

"అన్నీ."

"ముట్టుకోవచ్చా?"

తడి వేళ్ళతో పై వరసను తీసి వెలుతురుకు పెట్టి తిప్పాడు. అంగిలి ముడతల మీద బొటనవేలు నడిపాడు. బరువు చూశాడు. ఆమె పళ్ళను ఎవరో ఇలా చేతిలో పట్టుకుని చూస్తుంటే, జుట్టు విప్పి దువ్వుతున్నట్టు ఒళ్ళంతా ఏదో అయింది. "ఇంత తేలికా" అన్నాడు. తర్వాత గిన్నెలో వేలు ముంచి నాలుకకు రాసుకుని మొహం చిట్లించాడు. "కాలువ నీళ్ళు పోశావేం? ఈ నెలలో వీటి నిండా సున్నమే. ఇవి కట్టిన డాక్టరుకు మన నీళ్ళేం తెలుసు? కాచి చల్లార్చినవి పొయ్యాలి, లేకపోతే తెల్లగా గార పడుతుంది." లేచి వెళ్ళి కూజాలోని నీళ్ళు తెచ్చి మార్చి పోశాడు. మళ్ళీ కూర్చున్నాడు. ఉన్నట్టుండి తలెత్తి, "మరి ఆ పప్పులు?" అన్నాడు.

ఆమె గౌను జేబు తిరగేసింది. ఉప్పు పొడీ, ఖుబానీ పప్పులూ చాప మీద రాలాయి. హోషిమ్ వాటిని చూసి చెవుల దాకా ఎర్రబడ్డాడు. "నచ్చి తింటున్నావనుకున్నాను."

"నచ్చాయి. నమలడమే రాలేదు." ఇంకా ఏదో చెప్పాలి, చూపుల రోజు నవ్వు గురించి చెప్పాలి. "సబోహత్ ఓపా ముత్యాలంటుంటే నేను ఊరుకున్నాను. అది తప్పే."

ఆయన అదేమీ పట్టించుకున్నట్టు లేడు, ఇంకేదో లెక్క తేలనట్టు ఆలోచిస్తున్నాడు. "ఆవిడ నా గురించి నీకేం చెప్పింది?"

మఖ్‌ఫిరత్ తటపటాయించింది. "నిద్రలో చప్పుడే ఉండదంది. మనిషి పక్కనున్నట్టే తెలియదంది."

"అది నిజమే కదా."

ఆమె చాప మీద రాలిన పప్పులు ఏరసాగింది.

"నిజం కాదా?" అన్నాడు హోషిమ్. "ముహర్రం నలభై రెండేళ్ళు పడుకుంది నా పక్కన. ఒక్కరోజూ ఏమీ అనలేదే."

"చిగుళ్ళ నొప్పికి పదకొండు రాత్రులు మేలుకునే ఉన్నాను" అంది మఖ్‌ఫిరత్. "అంతా విన్నాను."

ఆయన ముఖంలోకి మెల్లగా వచ్చింది కోపం కాదు. తన ఇంట్లో తనకు తెలియని ఒక గది ఉందని ఇప్పుడే ఎవరో చెప్పినట్టుంది. నలభై రెండేళ్ళ రాత్రులు వెనక్కి తిరిగి వింటున్నట్టు కళ్ళు సగం మూశాడు. తర్వాత ఆమె వైపు జరిగి, గొంతు తగ్గించి అడిగాడు. "ఎలా ఉంటుంది? చేసి చూపించు."

మఖ్‌ఫిరత్ తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకుంది. పళ్ళుంటే ఇది వచ్చేది కాదు. బోసి చిగుళ్ళ మధ్య నుంచి గాలిని లోపలికి లాగి, అంగిలి దగ్గర ఒక్క క్షణం ఆపి వదిలింది. పెదాలు రెండూ తపతపా కొట్టుకున్నాయి. తూము తలుపు ఎత్తగానే నీళ్ళు విరుచుకుపడినట్టు ముందు ఒక గుర్రు, దాని తోకలో సన్నటి ఈల. అచ్చంగా అదే. తనకే ఆశ్చర్యం వేసింది.

గోడ అవతల నుంచి సబోహత్ ఓపా కేక వేసింది. "హోషిమ్ అకా! గాడిదనేమైనా కొన్నారా?"

హోషిమ్ తల ఒక పక్కకు వంచి, తోటలోకి ఎక్కడి నుంచో కొత్తగా నీరు వస్తోందని విన్నవాడిలా కూర్చున్నాడు.

"మళ్ళీ ఒకసారి" అన్నాడు.